దర్బారు పక్క వీధి

ఒక నగరంలో ఏదైనా పేట ధిక్కారానికి నెలవుగా పేరు తెచ్చుకున్నదంటే, దాని వెనుక సాధారణంగా ఇల్లు విడిచి వచ్చిన యువతరం ఒకటి ఉంటుంది. 1967 వేసవిలో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో హైట్-ఆష్‌బరీ అనే పేటకు వేల సంఖ్యలో చేరిన హిప్పీలు తల్లిదండ్రుల కొలువులను, వియత్నాం యుద్ధాన్ని, మధ్యతరగతి మర్యాదలను కాదని వచ్చినవారే. మరి రెండేళ్లకు థియోడర్ రోజాక్ అనే చరిత్రకారుడు ఆ ధోరణి మీద గ్రంథం రాయడంతో ప్రతిసంస్కృతి అనే భావన, అంటే చలామణిలో ఉన్న విలువలను తోసిపుచ్చి వాటి సరసనే మరో జీవన పద్ధతిని నిలబెట్టడమనే భావన, లోకమంతటా చర్చకు వచ్చింది. తెలుగువారికి ఆ 1967 వేసవికి రెండేళ్ల ముందే అటువంటి అనుభవం కలిగింది. 1965లో హైదరాబాద్‌లో ఒక అర్ధరాత్రి, పాండు అనే రిక్షా కార్మికుడి చేతుల మీదుగా తమ తొలి సంపుటాన్ని ఆవిష్కరింపజేసిన ఆరుగురు దిగంబర కవులు పెద్దలు పెట్టిన పేర్లను సైతం విడిచిపెట్టి కొత్త పేర్లతో రాశారు, 1968 నాటికి మూడు సంపుటాలు తెచ్చారు, ఆ వెంటనే చీలిపోయారు. ఆ ఆరుగురిలో నలుగురు 1970లో ఏర్పడిన విప్లవ రచయితల సంఘంలో చేరగా, వారిలో ముగ్గురిని మరుసటి ఏడాదే ముందస్తు నిర్బంధ చట్టం కింద జైలులో పెట్టారు.

ఈ రెండు ఉదంతాలలోనూ వయసు చిన్నది, కోపం పెద్దది, కాలం కొద్దిది. హైదరాబాద్ పాతబస్తీలోని ధిక్కారానికి ఈ కొలతలు సరిపోవు. అక్కడ ఎవరూ ఇల్లు విడిచిపోలేదు. రాజుగారి కిటికీకి పాట వినిపించేటంత దూరంలోనే, రాజుగారి సొమ్ముతోనే పొట్ట పోసుకుంటూ, రాజుగారి మర్యాదకు లొంగని జీవితాలు కొన్ని వందల ఏళ్ల పాటు అక్కడ సాగాయి. దర్బారుకు వాటి అవసరం ఉండేది, వాటిని ఒప్పుకోవడం మాత్రం చిన్నతనంగా ఉండేది. ఆ ఇరకాటంలోనే ఈ పేటల రుచి, పొగరు, పాట, వెటకారం తయారయ్యాయని చెప్పడానికి ఆధారాలు చాలినన్ని ఉన్నాయి.

మూసీకి దక్షిణాన, ఒకప్పటి నగర ప్రాకారం లోపల ఉన్న భాగాన్ని పాతబస్తీ అంటారు. అందులో చార్మినార్ నుంచి పడమరగా లాడ్ బజార్ గుండా మహబూబ్ చౌక్ మీదుగా హుస్సేనీ ఆలం చేరే దారి ఒకటి, దక్షిణంగా షాలిబండ, హరిబౌలి మీదుగా లాల్ దర్వాజా చేరే దారి ఒకటి ఈ వ్యాసానికి ముఖ్యం. రెంటికీ నడుమ ఆసఫ్‌జాహీల చౌమహల్లా ప్రాసాదం ఉంది. అంటే ఇక్కడి గల్లీలు, గల్లీల్లోని మనుషులు, రాజప్రాసాదం గోడను ఆనుకునే బతికారు. ఆ సామీప్యం పటం చూసినా తెలుస్తుంది, కాలినడకన పావుగంట తిరిగినా తెలుస్తుంది. చార్మినార్ కట్టిన 1591కి ముందు షాలిబండ ప్రాంతంలో చిచ్లం అనే పల్లె ఉండేదనీ, ఆ పల్లెకు చెందిన భాగమతి అనే నర్తకిని గోల్కొండ సుల్తాను ముహమ్మద్ కులీ కుతుబ్‌షా ప్రేమించాడనీ, నగరానికి మొదట ఆమె పేరే పెట్టాడనీ ఒక గాథ. చరిత్రకారుడు హరూన్ ఖాన్ షేర్వానీ దీనిని కల్పనగా తోసిపుచ్చగా, నరేంద్ర లూథర్ అందులో సత్యం ఉందని వాదించారు. వాదం తేలేది కాదు. అయితే ఒక నగరం తన పుట్టుకను రాజనీతిజ్ఞుడికో, మహర్షికో అంటగట్టకుండా ఒక ఆటకత్తెకు అంటగట్టి, నాలుగు శతాబ్దాలకు పైగా ఆ కథను మురిపెంగా చెప్పుకోవడం సామాన్యమైన విషయం కాదు.

గాథను పక్కన పెట్టి లెక్కల్లోకి వచ్చినా ఆటకత్తెలు ఎదురవుతారు. పదిహేడవ శతాబ్దంలో గోల్కొండ రాజ్యానికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు ట్రావెర్నియర్, ఈ నగరంలో అధికారుల చిట్టాలో పేర్లు నమోదైన వేశ్యలు ఇరవై వేలకు పైగా ఉన్నారని రాశాడు. విదేశీ యాత్రికుల అంకెలను కొంత తరుగు తీసి చదవడం మంచిది. కానీ అతడు చెప్పిన కారణం మాత్రం వర్తకుడి కంటికే కనబడే కారణం. ఆ స్త్రీల మీద రాజు పన్ను వేయలేదట. సాయంత్రం వారి గుమ్మాల్లో దీపాలు వెలగగానే కల్లు దుకాణాలు తెరుచుకునేవి, కల్లు మీద పన్ను ఖజానాకు చేరేది, అందుకే అంతమందిని ఉండనిచ్చారని అతడి వివరణ. శుక్రవారాలలో వారిలో కొందరు రాజమందిరం ఎదుటి మైదానానికి వచ్చి, రాజు కిటికీలో కూర్చుంటే కింద ఆడేవారు. రాజు మచిలీపట్నం వెళ్లినప్పుడైతే తొమ్మిది మంది కలిసి ఏనుగు ఆకారం కట్టారు: నలుగురు నాలుగు కాళ్లు, నలుగురు శరీరం, ఒకరు తొండం; ఆ ఏనుగు మీద ఆసనం వేసుకుని రాజు పట్టణ ప్రవేశం చేశాడు. ఆ కాలపు రాజ్యవ్యవస్థను ఒక్క బొమ్మలో చూపమంటే ఇంతకన్నా మంచి బొమ్మ దొరకదు. మోసేవారిని ఊరేగింపులో అందరూ చూశారు, చిట్టాలో వారి పేర్లూ ఉన్నాయి. మర్యాదస్తుల జాబితాలో మాత్రం వారు లేరు.

కుతుబ్‌షాహీల చివరి రాజు అబుల్ హసన్ తానాషా సింహాసనం ఎక్కడానికి ముందు షా రాజు అనే సూఫీ గురువు శిష్యుడిగా ఖాన్కాలో, అంటే సూఫీలు శిష్యులతో కలిసి నివసించే మఠంలో, ఏళ్ల తరబడి గడిపాడు. షా రాజు సమాధి పాతబస్తీలోనే, ఫతే దర్వాజా వైపు ఉంది. ఫకీరుల వెంట తిరిగిన మనిషి 1672లో రాజు కావడం, ఆయనకు అక్కన్న మాదన్నలనే ఓరుగల్లు సీమ బ్రాహ్మణ సోదరులు మంత్రాంగం నడపడం, ఆ మంత్రులు హరిబౌలిలోని మహంకాళిని కొలిచేవారని ఈనాటికీ జనం చెప్పుకోవడం, ఇవన్నీ ఒకే కాలానికి చెందిన ముచ్చట్లు. దక్కనులో సూఫీలు అరబ్బీ పారశీక పాండిత్యాన్ని పక్కన పెట్టి, తిరగలి విసిరే ఆడవాళ్ల నోట నిలిచే పాటలు కట్టారు. చక్కీనామాలనే ఆ పాటల్లో తిరగలి పిడి దగ్గర నుంచి రాయి దాకా ఒక్కొక్కదానికి ఒక్కో ఆధ్యాత్మికార్థం చెబుతారు. తెలుగు పల్లెల్లో తిరగలి పాటలు విన్నవారికి ఈ కిటుకు కొత్తగా అనిపించదు. అవి కట్టిన దక్కనీ భాష, తెలుగు మరాఠీ కన్నడాల మధ్య పెరిగి, వాటి ఒరవడిని ఒంటబట్టించుకున్నది. ఢిల్లీ, లక్నోల ఉర్దూ పండితులు తరువాతి కాలంలో దానిని మోటు భాషగా చూసినా అది గల్లీని విడిచిపోలేదు.

ఈ పేటల చరిత్రలో నిలిచి చూడవలసిన వ్యక్తి మహ్‌లకా బాయి చందా. 1768లో పుట్టిన ఆమె తవాయిఫ్, అంటే సంగీతం, నృత్యం, కవిత్వం, సభామర్యాద నేర్చి కొలువుల్లో కళను ప్రదర్శించే వృత్తిలోని స్త్రీ. ఉత్తర హిందుస్థానంలో లక్నో తవాయిఫుల గురించి ఎంతో సాహిత్యం ఉంది గాని, అధికారానికి మహ్‌లకా అంత దగ్గరగా మెలగినవారు అక్కడా అరుదే. రెండో నిజాం అయిన నిజాం అలీ ఖాన్ ఆమెకు చంద్రవదన అనే అర్థం గల మహ్‌లకా బిరుదుతో పాటు జాగీర్లు ఇచ్చాడు; ఇప్పటి ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్న అడిక్‌మెట్ భూములు వాటిలో ఒకటి. ఆమె విలువిద్య నేర్చింది, మగ దుస్తుల్లో నిజాం వెంట దండయాత్రలకు వెళ్లింది, పండితులకు డబ్బిచ్చి చరిత్ర గ్రంథం రాయించింది. ఉర్దూలో దివాన్ అంటే గజళ్లను పంక్తుల చివరి అక్షరం ప్రకారం అకారాది వరుసలో కూర్చిన సంపూర్ణ సంపుటి. కవిగా ఒక మనిషి స్థిరపడ్డారనడానికి అదే గుర్తు. 1798లో కూర్చిన దివాన్‌తో ఆమెను ఉర్దూలో దివాన్ గల తొలి కవయిత్రిగా చాలాకాలం లెక్కించారు. లుత్ఫున్నీసా ఇమ్తియాజ్ అనే మరో దక్కను కవయిత్రి దివాన్ కొద్దిగా ముందుదని తరువాత తేలింది. మహ్‌లకా 1799లో తన ప్రతి ఒకటి జాన్ మాల్కమ్ అనే బ్రిటిష్ అధికారికి బహూకరించగా, అది లండన్ గ్రంథాలయానికి చేరింది.

ఆమె పెళ్లి చేసుకోలేదు. ఆ రోజుల్లో మర్యాద గల కుటుంబపు స్త్రీకి పరదా ఉండేది, ఆస్తి మీద పెత్తనం ఉండేది కాదు. మహ్‌లకాకు పరదా లేదు, ఆస్తి మాత్రం పుష్కలంగా ఉండేది. తనకు ఎవరితో సభ జరపాలనిపిస్తే వారితో జరిపింది. మౌలాలి కొండ కింద తల్లికి సమాధి, తోట తానే కట్టించి, 1824లో తానూ అక్కడే విశ్రమించింది. ఇంత స్వేచ్ఛకు ఆధారం దర్బారు దయ అనే మాట నిజమే, ఆ దయ తప్పిన తవాయిఫులు వందల్లో ఉంటారన్నదీ నిజమే. కానీ దయ పొందిన మనిషి దానితో ఏమి చేసిందన్నది వేరే లెక్క, మహ్‌లకా విషయంలో ఆ లెక్కే ఆసక్తికరం.

తెలుగు పాఠకులకు ఇక్కడ తంజావూరు ముద్దుపళని గుర్తు రాక మానదు. పద్దెనిమిదవ శతాబ్దంలోనే, మరో దర్బారు పక్కన, రాధ వైపు నుంచి శృంగారాన్ని చెప్పి ‘రాధికా సాంత్వనము’ రాసిన ఆ వేశ్యాకవయిత్రిని తరువాతి శతాబ్దపు సంస్కర్తలు భరించలేకపోయారు. కందుకూరి వీరేశలింగం అంతటివారు ఆమెను ఈసడించగా, తానూ అదే కులవృత్తిలో పుట్టిన బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ఆ కావ్యాన్ని పూర్తిగా అచ్చు వేయించింది; సర్కారు మరుసటి ఏడాదే దానిని నిషేధించింది; టంగుటూరి ప్రకాశం చొరవతో గాని ఆ నిషేధం తొలగలేదు. సంస్కర్తల ఆవేదనలో న్యాయం లేకపోలేదు, భోగం వృత్తిలోకి దించిన చిన్నపిల్లల గోడు కల్పన కాదు. అయితే వారు వృత్తిని తుడిచివేసే ఉత్సాహంలో కవిత్వాన్ని కూడా తుడిచివేయబోయారు. ఆనాటి తెలుగు ఇళ్లలో చదువు వచ్చిన ఆడవాళ్లలో చాలామంది ఆ వృత్తిలోనే ఉన్నారన్న సంగతి వారికి తట్టినట్టు లేదు.

హైదరాబాద్‌లో అటువంటి సంస్కరణోద్యమం అంత గట్టిగా రాలేదు. బదులుగా వచ్చింది నెమ్మదైన అరుగుదల. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరు మోసే మహబూబ్ కీ మెహందీ అనే పేట, హుస్సేనీ ఆలం, పేట్లబుర్జు చుట్టుపక్కల, ముజ్రాలకు, అంటే ఆహూతుల ముందు కూర్చుని పాడి ఆడే ప్రదర్శనలకు, చిరునామాగా ఉండేది. 1948లో నిజాం పాలన, ఆ వెంటనే జాగీర్దారీ పోయాయి; జాగీర్దార్లు పోగానే రసికత కూడా నెలవారీ జీతాలకు దిగింది; ఆపైన సినిమా, క్యాసెట్టు, పోలీసుల దాడులు, పొరుగువారి ఫిర్యాదులు వరుసగా వచ్చాయి. తబలా సారంగీల జతగాళ్లు పెళ్లి బ్యాండుల్లోకి, ఇతర పనుల్లోకి మళ్లారు. శ్యామ్ బెనెగల్ 1983లో తీసిన ‘మండీ’ చిత్రం ఈ దశను దక్కనీ మాటతీరుతో, గట్టి వెటకారంతో చూపింది. దానికి మూలమైన గులామ్ అబ్బాస్ కథ ‘ఆనందీ’లో పురపాలక పెద్దలు వేశ్యలను ఊరి బయటకు గెంటేస్తారు, తీరా చూస్తే వారు చేరిన బీడు చుట్టూ దుకాణాలు, గుడి, మసీదు, బడి మొలిచి కొత్త పట్టణమే తయారవుతుంది. ట్రావెర్నియర్ కల్లు పన్ను లెక్క మూడు శతాబ్దాల తరువాత కథగా తిరిగి వచ్చినట్టుంది.

ఈ రోజున మహ్‌లకా సమాధిని, తోటను అమెరికా ప్రభుత్వ ఆర్థిక సాయంతో బాగుచేశారు. ఆమె పేరు మీద ఉపన్యాసాలు, పరిశోధనలు జరుగుతాయి. మహబూబ్ కీ మెహందీ వైపు నుంచి వచ్చామని చెప్పుకోవడానికి మాత్రం ఆ గల్లీలవారే మొహమాటపడతారు, పిల్ల సంబంధానికి అడ్డమని చిరునామాను వేరే బస్తీ పేరుతో చెబుతారు. రెండు వందల ఏళ్ల పాతదైతే వారసత్వం, ముప్పై నలభై ఏళ్ల పాతదైతే అప్రతిష్ఠ అన్నట్టుగా నగరం నడుచుకుంటోంది. ఇది నగరం చేస్తున్న అన్యాయమని ఘాటుగానే అనవలసి ఉంది.

పాట నుంచి వాద్యానికి వస్తే, పాతబస్తీ వీధిని ఇప్పటికీ తన అధీనంలో పెట్టుకున్న సందర్భాలు రెండు: మొహర్రం, బోనాలు. కుతుబ్‌షాహీలు షియాలు. చార్మినార్ కట్టిన మరుసటి ఏడాదే మొదలుపెట్టిన బాద్షాహీ ఆషుర్‌ఖానాలో, అంటే కర్బలా అమరవీరుల స్మృతి చిహ్నాలైన లోహపు ధ్వజాలను నిలిపే మందిరంలో, 1611 నాటి రంగు పెంకుల అలంకరణ ఈనాటికీ కళ్లు చెదరగొడుతుంది. ఒక్కొక్క పెంకు ముక్కను వంపుకు తగ్గట్టు కోసి అతికించడంతో ఆకుపచ్చ, పసుపు, నీలం రంగులు గోడ మీద మంటల్లా లేచినట్టుంటాయి. ఔరంగజేబు 1687లో గోల్కొండను గెలిచాక మొఘలులు ఆ మందిరాన్ని బండ్లు నిలిపే కొట్టంగా వాడుకున్నారు. మొహర్రం ఆగిపోయిందా అంటే ఆగలేదు, దర్బారు విడిచిపెట్టిన దానిని ఇళ్లు, గల్లీలు పట్టుకున్నాయి. నిజాం అలీ ఖాన్ కాలంలో మందిరం మళ్లీ తెరుచుకునేదాకా శోకగీతాలు ఆ ఇళ్లలో, గల్లీల్లోనే బతికాయి. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగ పేరుతో బోయలు, కాపులు, మాదిగలు పీర్లనెత్తి నిప్పుల గుండం చుట్టూ ఆడడం ఈ గల్లీ మొహర్రానికి తోబుట్టువే.

బోనాలు ఆషాఢ మాసపు ఆదివారాలలో గోల్కొండలో మొదలై, సికింద్రాబాద్ దాటి, చివరికి పాతబస్తీలో లాల్ దర్వాజా సింహవాహిని మహంకాళి గుడికి చేరతాయి. 1908 సెప్టెంబర్ 28న మూసీకి వచ్చిన వరద వేలమందిని పొట్టన పెట్టుకున్నప్పుడు, అప్పటి ప్రధాని మహారాజా కిషన్ పర్షాద్ సలహా మీద ఆరో నిజాం నదికి పసుపు కుంకుమలు, చీర సమర్పించాడని ఈ గుడి భక్తులు చెప్పుకుంటారు. కిషన్ పర్షాద్ దేవిడీ, అంటే భవంతి, షాలిబండలోనే ఉండేది. ఖత్రీ హిందువైన ఆయన షాద్ అనే కలంపేరుతో ఉర్దూ కవిత్వం రాశాడు, హిందూ ముస్లిం భార్యలతో కాపురం చేశాడు, పిల్లలను తల్లుల మతంలోనే పెంచాడు. వీధిన వెళుతూ బీదలకు చిల్లర వెదజల్లేవాడు. ప్రధానమంత్రి పదవిలో ఉంటూ ఇలా బతకడం ఈనాటి రాజకీయంలో ఊహకైనా అందదు.

కొత్త కుండకు పసుపు పూసి, సున్నంతో, కుంకుమతో బొట్లు పెట్టి, లోపల బెల్లపన్నమో పరమాన్నమో ఉంచి, మూతి చుట్టూ వేపమండలు కట్టి, పైన గురిగిలో దీపం వెలిగించి ఆడవాళ్లు తలకెత్తుకునేదే బోనం. వారికి ముందు ఒళ్లంతా పసుపుతో, నుదుట నిండు కుంకుమతో, కాళ్లకు గజ్జెలతో, చేత ఈరకోల అనే కొరడా ఝళిపిస్తూ, అమ్మవారి తమ్ముడిగా పోతురాజు ఆడతాడు. వెనుక ఫలహారం బండి, రంగు కాగితాల తొట్టెలు, డప్పులు. మంత్రం చదివే పురోహితుడికి ఇక్కడ పెద్దగా పని లేదు. మరునాడు రంగం అనే భవిష్యవాణిలో ఒక స్త్రీ పచ్చి కుండ మీద నిలబడి, రాబోయే ఏడాది వానలు ఎలా కురుస్తాయో, ఏలేవారు ఎక్కడ తప్పారో అమ్మవారి నోటగా చెబుతుంది, మంత్రులూ అధికారులూ చేతులు కట్టుకుని వింటారు. దీనిని చూసి పరవశించే వ్యాసకర్తలు ఒక సంగతి మరిచిపోతుంటారు. రంగం చెప్పే స్త్రీలాగా దేవతకు అర్పితమైన జోగిని స్త్రీల జీవితం మిగిలిన మూడు వందల అరవై నాలుగు రోజులూ ఎలా ఉంటుందో తెలిసే, 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ ఆచారాన్ని నిషేధిస్తూ చట్టం చేయవలసి వచ్చింది. ఒక పూట అధికారాన్ని సాధికారత అనుకోవడం చదువుకున్నవారు మాత్రమే చేయగలిగిన పొరపాటు.

సోమవారం హరిబౌలి అక్కన్న మాదన్న గుడి నుంచి ఘటం, అంటే అమ్మవారి కలశం, ఏనుగు మీద బయలుదేరి, షాలిబండ, చార్మినార్ మీదుగా నయాపూల్ దగ్గర మూసీకి చేరుతుంది. మొహర్రం పదో రోజున దబీర్‌పురా నుంచి బీబీ కా ఆలం అనే ధ్వజం కూడా ఏనుగు మీదే ఊరేగి మూసీ తీరాన చాదర్‌ఘాట్‌కు వెళుతుంది. కొన్నేళ్లు రెండు ఊరేగింపులకూ ఒకే ఏనుగు పనిచేసింది; వన్యప్రాణి నిబంధనలు బిగుసుకున్నాక ఇరుపక్షాల నిర్వాహకులూ ఏనుగు కోసం కర్ణాటక వైపు చూస్తున్నారు, ఇరుపక్షాలదీ ఒకే రకం అర్జీ. ఊరేగింపుల్లో వినిపించే మర్ఫా దరువుది మరీ దూరపు ప్రయాణం. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు సిపాయిలు, తూర్పు ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు నిజాం సైన్యంలో చేరి బార్కస్‌లోనూ, ఏసీ గార్డ్స్‌లోనూ స్థిరపడ్డారు. ఆ రెండు పేర్లూ సైనిక నివాసాల నుంచి, ఆఫ్రికన్ అశ్విక దళం నుంచి వచ్చినవే. సైన్యం రద్దయ్యాక కత్తి పోయింది, డప్ఫు మిగిలింది. వారి మర్ఫా పెళ్లి బరాత్‌లో, వినాయకుడి ముందు, అమ్మవారి ఫలహారం బండి ముందు ఒకే ఊపుతో మోగుతుంది, కుర్రకారు ఎవరి పండుగ అని అడగకుండా చిందేస్తారు.

ఇంత చెప్పాక, వీధి అంటే ఎప్పుడూ అందరిదే అనుకుంటే చరిత్రను కప్పిపెట్టడమే అవుతుంది. 1980ల నుంచి ఊరేగింపులు బలప్రదర్శనలుగా మారిన సందర్భాలు, 1990 డిసెంబర్ నాటి హత్యాకాండ, రోజుల తరబడి కర్ఫ్యూలు ఈ గల్లీలకు తెలుసు. చాలా కుటుంబాలు మూసీ దాటి వెళ్లిపోయాయి, కలిసిన గల్లీలు కొన్ని విడివిడి గల్లీలయ్యాయి. వీధి బలం ఎవరి చేతికి చిక్కితే వారిదవుతుంది.

రాజకీయమైన ధిక్కారానికి నది ఒడ్డునున్న సిటీ కాలేజీ ఒక కేంద్రం. అప్పటి మెదక్ జిల్లా ఆందోల్‌లో 1908లో పుట్టిన మఖ్దూం మొహియుద్దీన్ కొంతకాలం అక్కడ ఉర్దూ బోధించి, ఉద్యోగం వదులుకుని కమ్యూనిస్టు కార్యకర్త అయ్యాడు. ప్రేమగీతాలకూ విప్లవగీతాలకూ ఒకే గొంతు చాలునని ఆయన కవిత్వం నిరూపించింది. 1952 సెప్టెంబర్‌లో ముల్కీ ఉద్యమంలో, అంటే స్థానికుల ఉద్యోగాలు స్థానికులకే దక్కాలన్న ఆందోళనలో, విద్యార్థుల మీద పోలీసు కాల్పులు జరిగిందీ ఆ పరిసరాల్లోనే. తరువాత న్యాయమూర్తి పింగళి జగన్మోహన్ రెడ్డి విచారణ జరిపారు.

గల్లీ స్థాయిలో మాత్రం అసలు ఆయుధం వెటకారం. ‘నక్కో’, ‘హౌ’, ‘కైకూ’ అంటూ సాగే దక్కనీని పండితులు ఎంత చిన్నచూపు చూసినా, ఆ భాషలోనే హాస్యకవులు పెద్ద పెద్ద ముషాయిరాలను, అంటే కవిసభలను, జనంతో నింపారు. 1962లో ఏర్పడిన జిందాదిలానే హైదరాబాద్ అనే హాస్యప్రియుల సంస్థ, 1968 నుంచి వెలువడిన ‘షగూఫా’ పత్రిక నవ్వును గౌరవప్రదమైన సాహిత్య వృత్తిగా నిలిపాయి. 2006లో వచ్చిన ‘ది అంగ్రేజ్’ చిత్రంలో చార్మినార్ దగ్గర చాయ్ ముందు కూర్చుని లేనిపోని గొప్పలు చెప్పుకునే కుర్రాళ్లు, సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనికి అమెరికా నుంచి వచ్చిన ఇద్దరిని ఆటపట్టించి చివరికి తామే నవ్వులపాలవుతారు. హైటెక్ సిటీని చూసి కుళ్లుకోకుండా ఎగతాళి చేయగల ధీమా ఆ సినిమాకు పాతబస్తీ చాయ్ హోటళ్ల నుంచే అందింది. ఆ హోటళ్లలో డికాక్షన్‌ను మూత బిగించిన రాగి పాత్రలో సన్నసెగ మీద గంటల తరబడి ఉంచి, పాలను విడిగా మరిగించి, అడిగినవారికి అడిగిన పాళ్లలో కలిపిస్తారు. ఒక కప్పు చాయ్‌తో గంటన్నర కూర్చున్నా ఎవరూ లేపరు, లేదా లేపేవారు కాదు. ఇప్పుడు కిరాయిలు పెరిగాయి కనుక నిలబడి తాగే పద్ధతి ఎక్కువవుతోంది. ముచ్చట్లకు కుర్చీ అవసరమన్న సత్యం అద్దె లెక్కలో కనబడదు.

ప్రభుత్వాల ఆదరణ ఇటీవల బాగానే అందుతోంది. 2014లో బోనాలు రాష్ట్ర పండుగ అయ్యాయి. 2024లో లాడ్ బజార్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు, అంటే ఫలానా ఊళ్లో తయారైతేనే ఆ పేరుతో అమ్మాలన్న చట్టబద్ధమైన హక్కు, దక్కింది. చార్మినార్ చుట్టూ బండరాళ్లు పరిచి వాహనాలను దూరంగా మళ్లించారు. గాజు తయారయ్యేది మాత్రం బజారులో కాదు, వెనుక గల్లీల ఇరుకు గదుల్లో. బొగ్గుల కుంపటి మీద లక్కను కరిగించి, రంగు కలిపి, తాడులా సాగదీసి, కొలత ప్రకారం తుంచి వలయంగా అతికి, అది చల్లారేలోపు ఒక్కో రాయిని వేలితో అద్దాలి; వేళ్లకు కాపు కాసినవారే ఆ వేడిని ఓర్చుకోగలరు. డజను గాజులు అద్దాల దుకాణంలో ఏ ధరకు అమ్ముడుపోయినా, అద్దిన చేతికి దక్కేది రోజు కూలీయే. గుర్తింపు పత్రం ఊరి పేరుకు వచ్చింది, గదికి రాలేదు.

ఇప్పుడు మెట్రో రైలు రాబోతోంది. 2024 మార్చిలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేసిన ఈ మార్గం మహాత్మా గాంధీ బస్ స్టేషన్ నుంచి దారుల్‌షిఫా, ఎతెబార్ చౌక్, హరిబౌలి, షాలిబండ, అలియాబాద్ మీదుగా చాంద్రాయణగుట్ట దాకా దాదాపు ఏడున్నర కిలోమీటర్లు సాగుతుంది. దాని కోసం రోడ్డును వెడల్పు చేస్తున్నారు, ఆస్తులు సేకరిస్తున్నారు. పాతబస్తీకి రైలు అక్కరలేదని అనడం అక్కడ ఉండనివారి విలాసం. గంటల తరబడి ఆటోల్లో నలిగేవారికి అది ఎప్పుడో రావలసినది. దారిలోని గుడులను, మసీదులను, ఆషుర్‌ఖానాలను తాకకుండా స్తంభాల స్థానాలను సర్దుతామని అధికారులు చెబుతున్నారు, అది మంచి మాటే. పరిహారం ఆస్తి గజాల లెక్కన యజమానికి అందుతుంది. ముందు గదిలో మర్ఫా డప్ఫులు అద్దెకిచ్చేవాడు, మెట్ల కింద గాజులకు రాళ్లు అద్దేవాడు, పై అంతస్తులో పిల్లలకు హార్మోనియం నేర్పే ముసలామె కిరాయిదారులు. చాలామందికి కిరాయి కాగితం కూడా ఉండదు. కాగితం లేకుండా అక్కడ ఎన్నాళ్లుగా ఉంటున్నదీ రుజువు చేయవలసిన భారం వారిదే.